వరస తప్పిన ఎరుపు

డుమగెటెలో జూన్ పదకొండు, రాత్రి తొమ్మిది దాటింది.
ల్యాబులో పాత ఏసీ దగ్గుతోంది.
రేపు పొద్దున్నే జెండా పండగ.
మైదానంలో అద్దెకు తెచ్చిన తెర మీద
గాలి లేకపోయినా జెండా ఎగరాలని ప్రిన్సిపాల్ కోరిక.
గాలిని జూనలిన్ నిన్ననే రాసేసింది,
ఒక సైన్ అల, పట్టుమని పది లైన్లు లేవు.
"ఇక రంగులే కదా మామ్" అంది.
అది సాయంత్రం నాలుగింటి మాట.

నేను లెక్కల టీచర్ని.
జావాతో నాది పదిహేను రోజుల వేసవి శిక్షణ పరిచయం,
ఎదురుపడితే తలూపుకునేంత.

మొదట తెర మీద ఏమీ లేదు.
ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు,
ఉత్త బూడిదరంగు కిటికీ.
జెండా ఉందట. గీసేసిందట.
ఎరుపూ నీలమూ పసుపూ అన్నీ ఇచ్చి
ఆల్ఫా ఇవ్వడం మరిచింది పిల్ల.
అది సున్నా అయితే
ఎంత ఎరుపైనా గాజే.
అన్నీ ఉండి కనబడకపోవడం ఎలా ఉంటుందో
స్టాఫ్ రూములో ఇరవై రెండేళ్లుగా తెలుసు నాకు.
చెప్పలేదు.
ముందు రెండు ఎఫ్‌లు తగిలించాం.

సూర్యుడి ఎనిమిది కిరణాలు చేత్తో కుదరక
ఆఫీసు నుంచి వచ్చిన బొమ్మ ఫైలు తెరిచి
బైటు బైటూ చదివించింది.
పైన ఇటుక రంగు, కింద వెన్న.
సూర్యుడు తెల్ల త్రికోణంలో కరిగిపోయాడు.
పచ్చకామెర్లు నా కంటికా, తెరకా?
కళ్లజోడు తుడుచుకున్నాను.
మానిటరు తీగ పీకి మళ్లీ గుచ్చాను.
పక్క మెషీనులో వేశాం. అక్కడా వెన్నే.

చివరికి అంకెల్నే అడిగాం.
రెండు వందల ఆరు అనుకున్నది
మైనస్ యాభై అని పలికింది.
జావా బైటు నూట ఇరవై ఏడు దాకానే మోస్తుంది,
ఆపైన వెలుగంతా అప్పు కింద రాసుకుంటుంది.
చివరి గదిలోని ఆ అప్పు పొంగి
పక్క గదులు రెంటినీ నిండా ముంచింది.
"ఎందుకలా మామ్?"
"వాళ్లింటి ఆచారం" అన్నాను.
గుమ్మానికి ఒక మాస్కు కట్టాం.

అప్పుడొచ్చింది జెండా, అంచులు తేటగా, అలలు అలలుగా.
ఎరుపు ఉంది. నీలం ఉంది.
సూర్యుడొక్కడే చలికి వణికినట్టు నీలంగా ఉన్నాడు,
వాడి సంగతి తర్వాత చూద్దామని చప్పట్లు కొట్టుకున్నాం.

తడిగుడ్డ కర్రతో నోంగ్ టెబాన్ లోపలికొచ్చాడు.
బకెట్టు కింద పెట్టి
తెరకేసి చాలాసేపు చూశాడు.
"యుద్ధం ఎవరితో మామ్?"

నీలం పైనుంటే మాకు శాంతి.
ఎరుపు పైకొస్తే యుద్ధం.
ఏ బళ్లోనైనా రెండో క్లాసు పాఠం.
జూనలిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
నేను నా డిగ్రీని ఎక్కడ దాచుకోవాలో వెతుక్కున్నాను.

రంగులు అబద్ధమాడలేదు.
ఆ ఫైలు నీలాన్ని ముందు చెబుతుంది, ఎరుపుని ఆఖర్న.
మేం ఎరుపు ముందనుకుని పేర్లు పెట్టాం.
బైట్లకీ వరస ఉంటుంది,
తప్పితే బంధువులే, కాని మాట మారిపోతుంది.

సున్నా ఉన్నచోట రెండు, రెండు ఉన్నచోట సున్నా.
అంతే మార్చాం.
సూర్యుడికి జ్వరం దిగి పసుపొచ్చింది.

నోంగ్ టెబాన్ నేల తుడుస్తూనే చెప్పాడు,
పద్దెనిమిదేళ్లప్పుడు నిద్రమత్తులో ఇలాగే ఎగరేశాట్ట,
మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదట.
"చేపలమ్మే ఆవిడ మాత్రం
ఆ పూట బేరం ఆడనివ్వలేదు మామ్."

తాళం వేస్తూ వెనక్కి చూస్తే
ఫోను వెలుగులో జూనలిన్ మొహం.
ఆ నీలం సూర్యుణ్ని చెరపలేదు పిల్ల,
వాల్‌పేపరు పెట్టుకుంది.